కాక్లియర్ ఇంప్లాంట్: ఏ కంపెనీ అన్నది నాలుగో ప్రశ్న

పిల్లకి రెండు చెవులూ వినపడట్లేదని బెరా (చెవి, నాడి శబ్దానికి స్పందిస్తున్నాయో లేదో చూసే పరీక్ష) రిపోర్టు వచ్చిన వారానికల్లా ఇంట్లో ఒకటే చర్చ. ఇంప్లాంట్ ఆస్ట్రేలియాదా, ఆస్ట్రియాదా, అమెరికాదా? బాబాయ్ ఒక కంపెనీ పేరు చెప్తాడు, ఆసుపత్రి దగ్గర కలిసిన సేల్స్ మనిషి ఇంకొకటి చెప్తాడు, వాట్సాప్‌లో ఎవరో మూడోది పంపిస్తారు. మా అబ్బాయి విషయంలో మేమూ ఈ చర్చలోనే చాలా రోజులు మునిగిపోయాం. ఇన్నేళ్ల తర్వాత, ఇలాంటి ఇళ్లు చాలా చూశాక, నా అభిప్రాయం ఒకటి స్థిరపడింది: కంపెనీ అన్నది నాలుగో ప్రశ్న. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. ఒకటి, ఇంప్లాంట్ పనికొస్తుందా. రెండు, ఆపరేషన్ తర్వాత మ్యాపింగూ (పరికరాన్ని పిల్లకి తగ్గట్టు సెట్ చేయడం) థెరపీ ఎక్కడ. మూడు, డబ్బు ఎక్కణ్ణుంచి, అది ఎన్ని చెవులకు సరిపోతుంది. ఈ మూడింటికీ జవాబు దొరికితే నాలుగోది చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

ముందు చూడాల్సినవి

చెవి మిషన్ శబ్దాన్ని పెద్దది చేసి అదే చెవికి అందిస్తుంది. లోపలి చెవిలోని కాక్లియాలో శబ్దాన్ని పట్టే రోమకణాలు దెబ్బతింటే ఎంత పెద్ద శబ్దమైనా ముందుకు పోదు. ఇంప్లాంట్ ఆ కణాలను పక్కన పెట్టేస్తుంది. చెవి వెనక ఉండే ప్రాసెసర్ శబ్దాన్ని అందుకుని సంకేతాలుగా మార్చి, తలకు అయస్కాంతంతో అతుక్కునే కాయిల్ ద్వారా చర్మం కింది పరికరానికి పంపుతుంది. అది కాక్లియాలోకి దూర్చిన సన్నని ఎలక్ట్రోడ్ల వరసలో చిన్న చిన్న కరెంటు పంపి శ్రవణ నాడిని నేరుగా తట్టిలేపుతుంది.

ఇందులోనే మొదటి షరతు ఉంది: తట్టిలేపడానికి ఆ నాడి ఉండాలి. కొంతమంది పిల్లల్లో పుట్టుకతోనే శ్రవణ నాడి ఉండదు, లేదా మరీ సన్నగా ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు ఎంఆర్ఐ, సీటీ స్కాన్ తీస్తారు. "నాడి బాగుందా, కాక్లియా ఆకారం మామూలుగా ఉందా" అని సర్జన్‌ని సూటిగా అడగండి. జవాబు తేలేదాకా కంపెనీ బ్రోషర్ తెరవకండి.

రెండోది వయసు. మాట నేర్చుకునే శక్తి మెదడుకు మొదటి మూడు నాలుగేళ్లలో ఉన్నంతగా తర్వాత ఉండదు. పుట్టు చెవుడు ఉన్న పిల్లలకి ఏడాదికి అటూ ఇటూగా ఆపరేషన్ జరిగితే వచ్చే ఫలితం వేరు, ఐదేళ్లకు జరిగితే వచ్చేది వేరు. ఏడెనిమిదేళ్లు దాటాక, అప్పటిదాకా చెవి మిషన్ కూడా వాడని పిల్లలకి శబ్దాలు తెలుస్తాయేమో కానీ స్పష్టమైన మాట రావడం చాలా కష్టం.

ఆ తర్వాత వచ్చేవి: ఇంటికి మ్యాపింగ్ సెంటర్ ఎంత దూరం, ఏటా బయటి సామాన్లకు ఎంత పెట్టగలరు, రెండో చెవిలో ఏమైనా వినికిడి మిగిలి ఉందా, మున్ముందు ఎంఆర్ఐ అవసరం పడే జబ్బు ఏదైనా ఉందా. ఈ క్రమంలోనే ఆలోచించమంటాను.

చెవి మిషనా, ఇంప్లాంటా

వినికిడి లోపం ఓ మోస్తరుగా ఉంటే మంచి డిజిటల్ చెవి మిషన్‌తోనే పిల్లలు మాటలు నేర్చుకుంటారు. ఇంప్లాంట్ మాట తీవ్రమైన, అతి తీవ్రమైన లోపం ఉన్నవాళ్లకే. అక్కడ కూడా సాధారణంగా మూడు నెలలు మంచి మిషన్లు పెట్టి చూడమంటారు. చాలామంది తల్లిదండ్రులు దీన్ని టైమ్ వేస్ట్ అనుకుని, పేరుకి పెట్టి డబ్బాలో దాచేస్తారు. ఆ మూడు నెలలు నిజంగా రోజంతా పెట్టి చూస్తే రెండు లాభాలు. మిషన్ చాలుతుందో లేదో తెలుస్తుంది. పిల్లకి చెవి మీద ఏదో ఒకటి పెట్టుకునే అలవాటవుతుంది, రేపు ప్రాసెసర్ పీకి విసిరేయదు.

దీనికి పెద్ద మినహాయింపు మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు. అది వచ్చి వినికిడి పోయిన పిల్లల్లో కాక్లియా లోపల ఎముక పెరిగి మూసుకుపోయే ప్రమాదం ఉంది. మూసుకుపోతే ఎలక్ట్రోడ్లు లోపలికి దూరవు. వాళ్ల విషయంలో ట్రయల్ పేరుతో ఆగకూడదు, డాక్టర్ కూడా తొందరపెడతారు.

ఆపరేషన్ రెండు మూడు గంటలది. మత్తు ఇస్తారు, ముఖం కదిలించే నాడి పక్కనుంచే డ్రిల్లింగ్ జరుగుతుంది కాబట్టి అనుభవమున్న సర్జన్ కావాలి. న్యుమోకాకల్ టీకా ముందే వేయించాలి, ఇంప్లాంట్ ఉన్నవాళ్లకి మెనింజైటిస్ ముప్పు కొంచెం ఎక్కువ. ఇది అడిగి మరీ రాయించుకోండి.

ఇంకొక మాట, ఎవరూ పెద్దగా చెప్పనిది. పెద్దయిన పిల్ల, ఇప్పటికే సైగల భాషలో హాయిగా మాట్లాడుకుంటూ, బధిరుల స్కూల్లో చదువుకుంటుంటే, అప్పు చేసి ఇంప్లాంట్ వేయించడం నేను సలహా ఇవ్వను. ఆ డబ్బు ఆమె చదువుకి పెట్టడం మేలు.

మ్యాపింగ్, థెరపీ: అసలు కథ ఇక్కడ

ఆపరేషన్ అయిన రెండు నుంచి నాలుగు వారాలకి స్విచ్ ఆన్ చేస్తారు. వీడియోల్లో చూసినట్టు ఆ క్షణాన పిల్ల అమ్మ గొంతు విని నవ్వుతుందని ఆశపెట్టుకోకండి. చాలామంది ఏడుస్తారు, కొందరు ఏమీ పట్టనట్టు ఉంటారు. ఆ రోజు నుంచి వాళ్ల వినికిడి వయసు సున్నా. ఏ ఎలక్ట్రోడ్‌కి ఎంత కరెంటు పంపాలో ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) కంప్యూటర్‌లో సెట్ చేస్తారు, దాన్నే మ్యాపింగ్ అంటారు. మొదట్లో వారానికోసారి, తర్వాత నెలకి, మూడు నెలలకి, ఆ పైన ఆర్నెల్లకో ఏడాదికో. దీనికి తోడు వారానికి ఒకటి రెండు స్పీచ్ థెరపీ క్లాసులు, కనీసం రెండు మూడేళ్లు.

లెక్క వేసుకోండి. ఆసిఫాబాద్ నుంచి హైదరాబాద్‌కో, పాడేరు నుంచి విశాఖకో పిల్లని తీసుకుని వారం వారం రావాలంటే ఒకరి కూలీ పోతుంది, ఛార్జీలు పోతాయి, ఇంకో పిల్ల ఉంటే ఇంట్లో ఎవరో ఉండాలి. థెరపీ మధ్యలో మానేసిన, నేను చూసిన ఇళ్లలో ఎక్కువ భాగం డబ్బు లేక మానలేదు, ఈ తిరుగుడు పడలేక మానేశాయి. అందుకే ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు ఆపరేషన్ థియేటర్ కంటే ముందు చూడాల్సింది థెరపీ గది. ఊరికి దగ్గర్లో థెరపిస్ట్ ఎవరున్నారు, వాళ్లకి ఇంప్లాంట్ పిల్లలతో అనుభవం ఉందా, తెలుగులో నేర్పిస్తారా, తల్లిని గదిలో కూర్చోబెట్టి నేర్పిస్తారా లేక బయట కూర్చోమంటారా. తల్లిని బయట కూర్చోబెట్టే చోటు వద్దు. పిల్ల వారంలో గంటో రెండు గంటలో అక్కడ ఉంటుంది, మిగతా సమయమంతా ఇంట్లోనే కదా.

ఇంట్లో చేసే పని ఒకటి చెప్తాను. పొద్దున్న ప్రాసెసర్ పెట్టగానే, నోరు కనపడకుండా చెయ్యి అడ్డుపెట్టుకుని ఆరు శబ్దాలు పలకాలి: ఆ, ఊ, ఈ, ష్, స్, మ్. వినిపించినప్పుడల్లా పిల్ల ఒక బ్లాకు బకెట్‌లో వేస్తుంది. "మ్" బొంగురు శబ్దం, "స్" కీచు శబ్దం, మాటలోని శబ్దాలన్నీ దాదాపు ఈ రెంటి మధ్యే ఉంటాయి. నిన్నటిదాకా "స్" కి బ్లాకు వేసిన పిల్ల ఇవాళ వేయలేదంటే ఎక్కడో తేడా వచ్చింది. మైక్ కవర్ మూసుకుపోయి ఉండొచ్చు, కేబుల్ తెగుతూ ఉండొచ్చు, మ్యాప్ మార్చాల్సి రావచ్చు. రెండు నిమిషాల పని. స్కూల్లో పిల్ల వినట్లేదని టీచర్ చెప్పేదాకా ఆగాల్సిన అవసరం ఉండదు.

పథకమా, సొంత డబ్బా

ప్రైవేటులో ఒక చెవికి మామూలు మోడల్ సుమారు ఆరేడు లక్షల నుంచి మొదలవుతుంది, కొత్త ప్రాసెసర్లతో పదిహేను లక్షలు దాటుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద చిన్న పిల్లలకి ఈ ఆపరేషన్ ఉంది. కేంద్రం, దివ్యాంగులకు పరికరాలిచ్చే ఏడిప్ పథకం కిందా ఇస్తుంది. దానికి నోడల్ సంస్థ, వినికిడి లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ, దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. వయసు పరిమితి, ఒక చెవికా రెంటికా అన్నది జీవోలతో మారుతూ వచ్చాయి. కాబట్టి పాత వార్తల మీద ఆధారపడకుండా నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి ఈ రోజు నిబంధన ఏంటో కనుక్కోండి. వయసు పరిమితి దాటిపోవడానికి రెండు నెలలే ఉందనుకోండి, అన్ని పనులూ పక్కన పెట్టి ఆ ఫైలే కదిలించాలి.

పథకంలో కంపెనీ, మోడల్ ఎంచుకునే అవకాశం దాదాపు ఉండదు. కొంతమంది దీనికే భయపడి, బంగారం తాకట్టు పెట్టి ప్రైవేటుకి పోతారు. నా మాట వింటే, అర్హత ఉంటే పథకమే తీసుకోండి. పథకంలో ఇచ్చేవీ అవే పెద్ద కంపెనీల పరికరాలు, కాకపోతే ప్రాసెసర్ పై మోడల్ కాకపోవచ్చు. మిగిలిన డబ్బుని తర్వాతి ఖర్చులకి దాచుకోండి. ఎందుకంటే లోపలి భాగానికి వారంటీ సాధారణంగా పదేళ్లు, బయటి ప్రాసెసర్‌కి మూడు నుంచి ఐదేళ్లే. కేబుళ్లు, కాయిళ్లు వేలల్లో, వారంటీ అయ్యాక కొత్త ప్రాసెసర్ లక్షల్లో. పథకం ఆపరేషన్ చేయిస్తుంది, ఆరేళ్ల తర్వాత ప్రాసెసర్ పాడైతే మళ్లీ ఎవరు ఇస్తారన్నది పెద్ద ప్రశ్న. డబ్బులేక ప్రాసెసర్ బీరువాలో పెట్టేసిన పిల్లల్ని చూశాను. తలలో పరికరం ఉంటుంది, వినపడదు.

సొంత డబ్బుతో వెళ్లడం సబబైన సందర్భం ఒకటుంది: పథకంలో వరస వచ్చేసరికి ఏడాది పడుతుందని తెలిసి, పిల్లకి ఇప్పటికే రెండేళ్లు దాటితే. ఆ ఏడాది విలువ డబ్బుకంటే ఎక్కువే.

ఒక చెవా, రెండా

రెండు చెవులకి వేస్తే శబ్దం ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది, గోలగా ఉన్న క్లాసులో మాట పట్టుకోవడం తేలికవుతుంది, ఒకటి పాడైనా రెండోది పనిచేస్తుంది. డబ్బుందా, పథకం ఇస్తోందా, అయితే రెండూ ఒకేసారి, చిన్నప్పుడే. అందులో నాకు సందేహం లేదు. రెండోది ఏళ్ల తరబడి ఆలస్యం చేస్తే ఆ చెవి మొదటిదాన్ని అందుకోవడం కష్టమవుతుంది.

ఒక్కటే సాధ్యమైతే రెండో చెవికి మిషన్ పెట్టడం మానకండి. కాస్త వినికిడి మిగిలినా సరే, ఇంప్లాంట్ సరిగా ఇవ్వలేని బొంగురు శబ్దాలు ఆ చెవి ఇస్తుంది. గొంతుల తేడా, పాటలో రాగం ఇలాంటివి దానివల్ల మెరుగవుతాయి. అయితే రెండు ఇంప్లాంట్లంటే బ్యాటరీలు, కేబుళ్లు, ప్రాసెసర్లు అన్నీ రెండింతలు. ఒక్కదాన్నే నడపలేని ఇంటికి రెండోది భారమవుతుంది. ఇది చెప్పడానికి కష్టంగా ఉన్నా నిజం.

ఇప్పుడు కంపెనీలు

మన దగ్గర ఎక్కువగా వినపడేవి మూడు. సిడ్నీకి చెందిన కాక్లియర్, దాని మూలం గ్రేమ్ క్లార్క్ 1978లో మెల్‌బోర్న్‌లో చేసిన ఇంప్లాంట్. ఆస్ట్రియా ఇన్స్‌బ్రుక్‌లోని మెడ్-ఎల్, దాన్ని పెట్టిన హోఖ్‌మయర్ దంపతుల పరికరం 1977లో వియన్నాలో మొదటిసారి అమర్చారు. కాలిఫోర్నియాలో పుట్టిన అడ్వాన్స్‌డ్ బయోనిక్స్, ఇప్పుడు ఫోనాక్ చెవి మిషన్లు తయారుచేసే సోనోవా గ్రూపులో ఉంది.

| | కాక్లియర్ | మెడ్-ఎల్ | అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ |
|---|---|---|---|
| ఎలక్ట్రోడ్లు | 22 | 12 | 16 |
| ప్రత్యేకత | కాక్లియా లోపలి గోడకు, అంటే నాడి వైపుకి దగ్గరగా ఒదిగే రకాలు | పొడవాటి, మెత్తని ఎలక్ట్రోడ్లు, చాలా సైజులు | రెండు ఎలక్ట్రోడ్ల మధ్య కరెంటు పంచి అదనపు స్వరాలు |
| అయస్కాంతం తీయకుండా 3 టెస్లా (బలమైన) ఎంఆర్ఐ | ప్రొఫైల్ ప్లస్ | సింక్రొనీ | హైరెస్ అల్ట్రా 3డి |
| రెండో చెవి మిషన్‌తో జత | రీసౌండ్ | స్టార్కీ, లేదా ఏ కంపెనీదైనా విడిగా | ఫోనాక్ |

సేల్స్ వాళ్లు మొదట ఎత్తేది ఎలక్ట్రోడ్ల లెక్క. 22 అంటే 12 కంటే మేలే కదా అనిపిస్తుంది. కానీ కాక్లియా ద్రవంతో నిండిన చోటు, ఒక ఎలక్ట్రోడ్ కరెంటు పక్కవాటి మీదికి పాకుతుంది. దానివల్ల చాలామంది నిజంగా వాడుకునేది ఎనిమిది పది విడివిడి మార్గాలే అని పరిశోధనలు ఎప్పటినుంచో చెప్తున్నాయి. కాబట్టి ఈ అంకె చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఎలక్ట్రోడ్ పొడవు, మెత్తదనం మాత్రం కొన్ని సందర్భాల్లో నిజంగా తేడా తెస్తాయి. కాక్లియా ఆకారం సరిగా లేనప్పుడు, మిగిలిన కొద్ది వినికిడిని కాపాడాలనుకున్నప్పుడు సర్జన్ ఫలానాదే కావాలంటే, ఆ మాట వినండి. అది వాళ్ల పని.

పై పట్టికలోని ఎంఆర్ఐ వరస మీకు ముఖ్యమైతే మోడల్ పేరు కాగితం మీద రాయించుకోండి. పాత మోడళ్లకి ఎంఆర్ఐ తీయాలంటే తలకి గట్టిగా కట్టు కట్టాలి, లేదా చిన్న ఆపరేషన్‌తో అయస్కాంతం తీసి మళ్లీ పెట్టాలి. ఫిట్స్ ఉన్న పిల్లలకి, వెన్ను సమస్యలున్న పెద్దవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

నమ్మకం సంగతి. ఏ కంపెనీ అయినా "మాది ఫెయిల్ అవ్వదు" అంటే నమ్మకండి. కాక్లియర్ 2011 సెప్టెంబరులో తన సిఐ 500 సిరీస్‌లో అప్పటికి అమర్చని పరికరాలను వెనక్కి తీసుకుంది. అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ 2020 ఫిబ్రవరిలో హైరెస్ అల్ట్రా తొలి రకాలను వెనక్కి పిలిచింది. అయినా రెండు కంపెనీలవీ ఇప్పటికీ వేలమంది బాగా వాడుతున్నారు. పాడైన ఇంప్లాంట్‌ని తీసి కొత్తది పెట్టొచ్చు, కాకపోతే మళ్లీ ఆపరేషన్, మళ్లీ మ్యాపింగ్. స్వదేశీ ఇంప్లాంట్ కోసం విశాఖలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఏళ్లపాటు పనిచేసింది. అలాంటిది చౌకగా అందుబాటులోకి వస్తే ఈ వ్యాసం వేరేలా రాయాల్సొస్తుంది, ఇంకా ఆ రోజు రాలేదు.

మరి కంపెనీని దేన్నిబట్టి ఎంచుకోవాలి? మీ ఆడియాలజిస్ట్ ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కువ వాడతారు, మీకు దగ్గర్లో ఏ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉంది, కేబుల్ తెగితే ఎన్ని రోజుల్లో వస్తుంది, రిపేర్ అయ్యేదాకా వాడుకోడానికి వేరే ప్రాసెసర్ ఇస్తారా. మా వాడి ప్రాసెసర్ ఒకసారి పాడైతే, కంపెనీ పేరెందుకు గానీ, విడిభాగం వచ్చేసరికి వాడి బడి, థెరపీ రెండూ ఆగిపోయాయి. అప్పటినుంచీ కంపెనీ విషయంలో నా మొదటి ప్రశ్న ఇదే.

చెవి వెనకదా, బటన్‌దా

ప్రాసెసర్లు రెండు రకాలు. చెవి వెనక తగిలించుకుని కేబుల్‌తో కాయిల్‌కి కలిపేవి, తలకి అతుక్కునే ఒకే బిళ్లలా ఉండేవి. బిళ్ల చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కేబుల్ బాధ లేదు. కానీ రెండేళ్ల పిల్ల పరుగెడుతుంటే ఊడి పడేది అదే, ఆటలో ఇసుకలో కలిసిపోయేది అదే. పసిపిల్లలకి చెవి వెనకదే, బట్టకి క్లిప్పు పెట్టుకునే తాడుతో. బటన్‌ది పెద్దపిల్లలకి, ఉద్యోగాలకి వెళ్లే వాళ్లకి బావుంటుంది.

ఏదైనా సరే, అయస్కాంతం బలం సరిచూడాలి. బలం ఎక్కువైతే చర్మం ఎర్రబడుతుంది, తక్కువైతే బీరువా తలుపు లాగేసుకుంటుంది, నవ్వులాట కాదు, నిజంగానే కాయిల్ పోయి బీరువాకి అతుక్కుంటుంది. తలకి కొబ్బరి నూనె రాశాక ప్రాసెసర్ పెట్టేముందు బాగా తుడవండి, నూనె మైక్‌లోకి పోతే శబ్దం మందగిస్తుంది. కోస్తా ఉక్కపోతలో రాత్రి డ్రైయింగ్ బాక్సులో పెట్టడం తప్పనిసరి. బ్యాటరీల్లో 675 సైజు వాడిపారేసేవి కరెంటు కోతలున్న పల్లెలో నమ్మకం, రీచార్జ్‌వి రోజువారీ ఖర్చు తగ్గిస్తాయి. రెండూ ఉంటే హాయి.

ఎవరికి ఏది

ఏడాది నిండని పాప, పథకం అర్హత ఉంది, ఊరు జిల్లా కేంద్రానికి దగ్గర: పథకం కింద ఏ కంపెనీ ఇచ్చినా తీసుకోండి. మీ శక్తంతా థెరపీకి.

మూడేళ్ల బాబు, మేనరికం, ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టబోతోంది: బాబుతో పాటు జన్యు పరీక్ష గురించి కూడా డాక్టర్‌ని అడగండి. పుట్టగానే రెండో బిడ్డకి వినికిడి స్క్రీనింగ్ చేయిస్తే, మొదటివాడికి పోయిన సమయం వీడికి మిగులుతుంది.

నలభై ఏళ్లు దాటి వినికిడి పోగొట్టుకున్నవాళ్లు: మీకు మాట, భాష ముందే ఉన్నాయి కాబట్టి ఫలితం పిల్లలకంటే త్వరగా వస్తుంది. అరవై డెబ్భై ఏళ్లవాళ్లకీ చేస్తున్నారు. మీరు చూడాల్సింది ఎంఆర్ఐ, ఫోన్ మాట్లాడే సౌకర్యం, బ్యాటరీ మార్చడానికి వేళ్లకి వీలుగా ఉందా అన్నది. పథకాలు ఎక్కువగా పిల్లలకే, కాబట్టి ఇన్సూరెన్స్ పాలసీలో ఇంప్లాంట్ ఉందో లేదో ఆపరేషన్‌కి ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉండి ఇక్కడ ఆపరేషన్ చేయించాలనుకునేవాళ్లు: మీరుండే చోట ఏ కంపెనీకి సర్వీస్ ఉందో అక్కడే కనుక్కుని, అదే ఇక్కడ వేయించండి. వారంటీ ఏ దేశంలో చెల్లుతుందో బిల్లు కట్టకముందే అడగాలి.

డిశ్చార్జ్ రోజున ఆసుపత్రి నుంచి మూడు కాగితాలు తీసుకోండి: లోపలి పరికరం మోడలూ సీరియల్ నంబరూ ఉన్న ఇంప్లాంట్ కార్డు, వారంటీ మొదలైన తేదీ ఉన్న కాగితం, ఎంఆర్ఐ ఏ షరతులతో తీయొచ్చో రాసిన పేజీ. మూడింటికీ ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి. ప్రతి మ్యాపింగ్ తర్వాత ఆ మ్యాప్ కాపీ కూడా అడగండి. ఊరు మారినా, ఆడియాలజిస్ట్ మారినా కొత్తవాళ్లు మొదట అడిగేది అదే.